అంగడిగా మారిన ఆటస్థలము

ఆటస్థలమనగా నేమి? కొంత నేల, రెండు గోలుకంబములు, చుట్టును మెట్లు, అంతియే గదా యనువారు మన పెద్దలలో ననేకులు కలరు. ఆ మాట నిజమైనచో, ఒక చోటి నేల నమ్మి మరియొక చోట అంత నేల కొనినంతనే లెక్క సరిపోవలెను. అర్జెంటీనా దేశపు రాజధానియగు బ్వేనస్ ఐరిస్ నగరమున సాన్ లొరెంజో అను ఫుట్‌బాలు క్లబ్బు విషయమున ఆ లెక్క నలువదియేండ్లు దాటినను సరిపోలేదు. ఎందువలన సరిపోలేదో మన విద్యార్థులును, వారి తలిదండ్రులును తెలిసికొనదగునని మేము తలంచుచున్నాము.

ఆ క్లబ్బు 1908వ సంవత్సరమున వీథిలో బంతి నాడుకొను పిల్లలవలన పుట్టినది. ఒకనాడు ఒక బాలుడు ట్రాముబండి క్రింద పడబోయి తప్పించుకొనెనట. అది చూచి లొరెంజో మాస్సా అను క్రైస్తవ గురువు తన ప్రార్థనాలయపు ఆవరణలో వారిని ఆడుకొననిచ్చెను. ప్రార్థనకు రావలెననుట మాత్రమే ఆయన పెట్టిన నియమము. (బడిపిల్లల నాకర్షించుటకు ఇంతకంటె చౌకయైన యుపాయము మాకు తెలియదు.) పిల్లలు ఆయన పేరే జట్టునకు పెట్టబోగా ఆయన సమ్మతింపలేదు. తుదకు ఆ పేరుగల పునీతుని తలచుకొనియు, 1813లో ఆ దేశ స్వాతంత్ర్యసమరమున సాన్ లొరెంజోకడ జరిగిన యుద్ధమును తలచుకొనియు ఆ పేరు స్థిరపరచిరి.

1916లో బోయెదో అను పేటలో, లా ప్లాతా రాజవీథి ప్రక్కన, ఈ క్లబ్బువారు తమ మైదానమును తెరచిరి. క్రమముగా దాని చుట్టును కొయ్యపలకల మెట్లు లేచినవి. వెలుపలినుండి చూచువారికి అది నగరమునకు గ్యాసు నందించు పెద్ద తొట్టివలె కనబడుటచేత జనులు దానిని 'గాసోమెత్రో' అనిరి. ఆ మెట్లపై వేలకొలది జనులు ఒక్కమారు కాలు తాటించినచో పలకలన్నియు అదరుచుండెడివి. ముసలి అభిమానుల నడిగినచో గోళ్ళు విరిగిన ఆ పలకల మాటయే ముందు చెప్పుదురు. గోలుల లెక్క తరువాత.

చెప్పుటకు గోలులును తక్కువ కాదు. స్పెయిను దేశపు అంతర్యుద్ధమువలన స్వస్థలము విడచి వచ్చిన బాస్కు ఆటగాడు ఇసిద్రో లాంగరా, 1939 మే నెలలో ఈ జట్టు పక్షమున ఆడిన మొదటి ఆటలోనే, రివర్ ప్లేట్ వంటి బలమైన జట్టుపై నాలుగు గోలులు చేసెను. 1946లో ఫారో, పొంతోనీ, మార్తీనో అను మువ్వురి జతతో జట్టు దేశవిజేత యయ్యెను. ఆ యేటి ఆటలను చూచిన పిల్లలలో హోర్హే బెర్గోలియో అను పదేండ్ల లోపు బాలు డొకడు. ఆతని తండ్రి ఈ క్లబ్బు పక్షమున బాస్కెట్‌బాలు ఆడినవాడు. ఆ బాలుడే 2013లో పోపు ఫ్రాన్సిసు అయ్యెను. అంతటి పదవిలో నుండియు, 2025లో కాలధర్మము నొందువరకును, ఆయన 1946 నాటి జట్టును మరువలేదు.

ఆట లేని దినములలో కూడ ఆ స్థలము ఊరక యుండలేదు. కార్నివాలు పండుగనాళ్ళలో అచ్చట జరుగు నృత్యములకు నగరమంతయు వచ్చెడిది. ఇతర క్రీడలకును అదియే నెలవు. కనుక బోయెదో పేటవారికి అది వారమున కొకమారు పోయివచ్చు చోటు కాదు. ప్రొద్దు గ్రుంకగానే కాళ్ళు తామై నడచు చోటు.

1970వ దశాబ్దము చివరకు క్లబ్బు అప్పులలో మునిగెను. దేశమున 1976 నుండి సైనికపాలన నడుచుచుండెను. ఆ నేలమీదుగా వీథులు వేయవలెను, ఇండ్లు కట్టవలెనని నగరాధికారులు ఒత్తిడి చేసిరి. 1979 డిసెంబరు 2వ తేదీన బోకా జూనియర్స్ జట్టుతో చివరి ఆట జరిగినది. ఒక్క గోలైనను పడలేదు. పిదప మెట్లను విప్పివేసిరి, నేలను అమ్మివేసిరి. వీథులు పడలేదు, ఇండ్లును లేవలేదు. 1985లో అచ్చట కార్‌ఫూర్ అను ఫ్రెంచి సంస్థవారి బ్రహ్మాండమైన అంగడి తెరచుకొన్నది. తండ్రి నిలుచుండి కేకలు వేసిన చోట కుమారుడు సబ్బుబిళ్ళలు కొనుక్కొనవలసి వచ్చెను.

ఇల్లు లేని జట్టు పదునాలుగేండ్లు అద్దె మైదానములలో ఆడెను. 1981లో ఓడి రెండవ తరగతికి దిగజారెను. ఆ దేశపు అయిదు పెద్ద క్లబ్బులలో అట్టి అవమానము మొట్టమొదట పొందినది ఇదియే. అయినను 1982లో ఆ రెండవ తరగతి ఆటలకు వచ్చిన జనసమూహమును చూచి మొదటి తరగతివారే అసూయపడవలసి వచ్చెను. ఆ యేడే జట్టు తిరిగి పైకి వచ్చెను.

1993లో కొంత దూరమున కొత్త స్టేడియము కట్టుకొనిరి. 2014లో దక్షిణ అమెరికా ఖండమునందలి క్లబ్బుల కెల్ల మిన్నయైన లిబెర్తదోరెస్ కప్పును ఆ జట్టు గెలిచినది. ఇక పాత నేలకై విలపించుట ఎందుకని ఆక్షేపించువారు కలరు. ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. లండనులో ఆర్సెనల్ క్లబ్బు 2006లో తన హైబరీ మైదానమును విడచి సమీపముననే పెద్దదానికి పోయినది. పాతచోట ఇండ్లు లేచినవి. ఆటనేల తోట యైనది. అచ్చట కంటతడి పెట్టినవారు లేకపోలేదు గాని, నేలను తిరిగి ఇమ్మని ఊరేగింపు లెవ్వరును చేయలేదు. భేదమెచ్చట? వారు పోదలచి పోయిరి, వీరు పొమ్మనగా పోయిరి. ఆక్షేపించువారు ఈ భేదమును గమనింపకున్నారని మా యభిప్రాయము.

1979 తరువాత పుట్టి, ఆ పలకలపై ఒక్కనాడైనను కూర్చుండని యువకులు ఈ యుద్యమమున ముందు నిలిచిరి. తాతగారి ఊరి చెరువుగట్టును ఎన్నడును చూడకయే దాని మలుపులన్నియు చెప్పగల పిల్లలు మన బడిలోను కలరు గనుక ఇది మనకు వింతగా తోచదు. 2012 మార్చి 8వ తేదీన నగరమధ్యమున మే చౌకులో వా రందరు గుమికూడిరి. లక్షమందికి పైబడి వచ్చిరని చెప్పుదురు. ఆ యేడు నవంబరు 15వ తేదీన నగర శాసనసభ, వ్యతిరేకముగా ఒక్క ఓటైనను లేకుండ, నేల క్లబ్బునకు తిరిగి చెందునట్లు శాసనము చేసెను. ఉచితముగా కాదు, క్లబ్బు వెల చెల్లింపవలెను. అభిమానులు చదరపు మీటరు చొప్పున ఆ నేలకు సొమ్ము కట్టిరి. ఒకరు ఒక మీటరు, స్తోమత గలవారు రెండు మూడు. మాకు అన్నిటికంటె మిన్నగా తోచినది ఇదియే. ఊరేగింపున కేకలు వేయుట సులభము. నెలజీతములో నుండి తీసి, తాను కాపురముండని నేలకు వెల కట్టుట సులభము కాదు. 2019 జూలై 1వ తేదీన స్థలము క్లబ్బు చేతికి వచ్చినది.

ఒక్క మాట మాత్రము నిష్పక్షపాతముగా చెప్పవలెను. అభిమానుల కథలలో దోషమంతయు సైనికపాలకులదే. అప్పులు చేసినది క్లబ్బువారే యన్న సంగతి ఆ కథలలో మెల్లగా జారిపోవును. కొయ్యమెట్లు పాతబడిన సంగతియు అట్టిదే. దీనివలన వారి హక్కు తగ్గునని మే మనము. కాని అప్పులు చేసిన అలవాటు మరల తలయెత్తినచో శాసనసభలు కూడ రక్షింపజాలవు.

ఆ భయము నిరాధారము కాదు. 2025 నాటికి బోయెదోలో కొత్త మెట్లు లేవలేదు. క్లబ్బు మరల ధనపు చిక్కులలో పడినది. కట్టబోవు స్టేడియమునకు పోపు ఫ్రాన్సిసు పేరు పెట్టుదుమని ప్రకటన మాత్రము వెలువడినది. 1979 నాటి చివరి ఆటను పదేండ్ల బాలుడుగా చూచినవాడు 2025లో ఏబదియారేండ్లవాడు. నాడు ఆతని చేయి పట్టుకొని తీసికొనిపోయిన తండ్రి, బ్రతికియున్నచో, ఎనుబదికి అటునిటుగా నుండును. క్లబ్బు నిర్వాహకులు పేరు నిర్ణయించుటకంటె ముందు ఈ వయస్సుల లెక్క చూచుకొనవలెను.