డెట్రాయిటువారు విత్తనపు వడ్లు తినిరా?

మొన్న ఆటల గంటలో వర్షము కురియుటచేత పిల్లలు తరగతిలోనే కూర్చుండవలసి వచ్చెను. అప్పుడు పై తరగతి విద్యార్థి యొకడు అమెరికా దేశపు బేస్ బాల్ ఆటలో జరిగిన తెలివితక్కువ బేరములను గూర్చి తాను చదివిన సంగతులు తోటివారికి చెప్పుచుండెను. 1987వ సంవత్సరములో డెట్రాయిటు జట్టువారు ముప్పదియారేండ్ల పిచ్చరు నొకనిని తెచ్చుకొని, బదులుగా ఇరువదియేండ్ల కుఱ్ఱవానిని ఇచ్చివేసిరనియు, ఆ కుఱ్ఱవాడే తరువాత ఆ యాటలో మహనీయుల వరుసను చేరెననియు చెప్పగా, తరగతి యంతయు ఘొల్లున నవ్వెను. "విత్తనపు వడ్లు వండుకొని తిన్నారండీ!" అని రైతుబిడ్డ యొకడు వెనుక బల్లనుండి యనెను. మాట చమత్కారముగనే యున్నది. కాని మాకు నవ్వు రాలేదు. ఆ బేరము తెలివితక్కువది కాదని మా యభిప్రాయము. గంట కొట్టుటచేత ఆనాడు చెప్పుటకు వీలులేకపోయిన దానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

మన బాలురు క్రికెట్టు నెరిగినవారు కనుక ఆ యాటతో పోల్చి చెప్పుదుము. క్రికెట్టులో ఒకడు ఆరు బంతులు వేసిన పిమ్మట వేరొకడు వేయును. బేస్ బాల్ లో అట్లు కాదు. ఆటను ప్రారంభించిన పిచ్చరు తన భుజము అలయువరకు, లేదా ఎదుటివారు అతనిని చితుకగొట్టువరకు తానే విసరుచుండును. ఆ శ్రమ తీరుటకు నాలుగైదు దినములు పట్టును. అందుచేత ప్రతి జట్టును నలుగురైదుగురు పిచ్చర్లను వంతులవారీగా నిలుపుకొనును. వసంతకాలము మొదలు శరత్కాలము వరకు 162 ఆటలు. మంచి పిచ్చరు ఒక్కడు అదనముగా దొరికెనా, ఐదు దినములకొక దినము జట్టంతయు గుండెమీద చేయి వేసికొని నిద్రించును.

పెద్ద జట్లకు దిగువను చిన్న పట్టణములలో చిన్న జట్లు మెట్లుమెట్లుగా నుండును. పదునెనిమిదేండ్ల బాలుని తెచ్చి అడుగు మెట్టున వేసి, నారుమడిలో నారువలె పెంచుదురు. వారిలో పై మెట్టు చేరువారు కొందరే. తక్కినవారు పొట్టకూటికై వేరు పనులు వెదకుకొందురు. ఈ యేడు గెలువగలమను ఆశగల జట్టు, ఆశ వదలుకొనిన జట్టునుండి పేరు మోసిన పిచ్చరును తీసికొని, ఈ నారులో రెండు మొక్కలో, నాలుగు మొక్కలో ఇచ్చును. ఇదియే ఆ బేరము. ఇది ఏటేట జరుగును.

ఇక 1987కు వత్తము. ఆగస్టు 12వ తేదీన డెట్రాయిటు జట్టు, అమెరికను లీగు తూర్పు విభాగములో టొరాంటో జట్టుతో పోటీపడుచుండెను. డెట్రాయిటువారు 1984లో ప్రపంచ విజేతలైనవారు. కాని ఆ వీరులు అప్పటికి ముదిరిరి. అలన్ ట్రామెలు, లూ విటేకరు 1977 నుండి జోడెడ్లవలె కలిసి ఆడుచున్నవారు. డారెల్ ఎవాన్సునకు నలువదియేండ్లు. ఆ వయస్సున అతడు ఆ సంవత్సరము 34 హోమ్ రన్నులు కొట్టెను! ట్రామెలు ఆ యేడు కొట్టినంత చక్కగా మరి యే యేడును కొట్టలేదు. ఇట్టివారికి మరల ఇట్టి సంవత్సరము వచ్చునన్న నమ్మక మెవరి కుండును? కొరత యంతయు పిచ్చరు కొరతయే.

అట్లాంటా జట్టు ఆ యేడు 92 ఆటలు ఓడిన జట్టు. వారియొద్ద డోయిల్ అలెగ్జాండరు అను పిచ్చరు ఉండెను. వడి లేదు గాని నేర్పున్నది. బంతిని కోరిన చోట వేయగలవాడు. అతనికి బదులుగా వారు అడిగి పుచ్చుకొనినది జాన్ స్మోల్ట్జ్ అను బాలుని. ఈతడు డెట్రాయిటు పొరుగున వారెన్ లో పుట్టి, అదే మిషిగను రాష్ట్రమున లాన్సింగులో పెరిగినవాడు; అనగా తన ఇంటి జట్టునకే ఎన్నికైనవాడు. 1985 ఎన్నికలో 22వ విడతవరకు ఎవరును ఇతనిని కోరలేదు. 1987లో గ్లెన్స్ ఫాల్సు అను చిన్న జట్టులో ఇతని లెక్క 4 గెలుపులు, 10 ఓటములు. తొమ్మిది ఇన్నింగ్సులకు సగటున ఇతనిపై లెక్కకు వచ్చిన పరుగులు 5.68. మూడు పరుగులు మంచి లెక్క, నాలుగు ఫరవాలేదు. అయిదు దాటిన, బాలుని తండ్రికి ఉత్తరము వ్రాయవలసిన లెక్క.

బేరము తరువాత ఏమి జరిగినదో చూడుడు. అలెగ్జాండరు డెట్రాయిటు పక్షమున 9 ఆటలు గెలిచెను, ఒక్కటియు ఓడలేదు. సగటు 1.53. ఇక ఏడు ఆటలు మిగిలియుండగా టొరాంటో మూడున్నర ఆటల ముందుండెను. ఆ యేడింటిని వరుసగా ఓడిపోయెను. కడపటి మూడును డెట్రాయిటులోనే జరిగెను. అందు మొదటిది, అక్టోబరు 2వ తేదీది, అలెగ్జాండరే 4-3గా గెలిపించెను. 4వ తేదీన ఫ్రాంక్ తనానా 1-0తో ముగించెను. డెట్రాయిటునకు 98 గెలుపులు, టొరాంటోకు 96. ఆ తొమ్మిదింటిలో మూడు తీసివేసినచో లెక్క తలక్రిందులగునని మా చిన్న తరగతుల పిల్లలును చెప్పగలరు.

దాచనేల? తరువాతి పోటీలో మిన్నెసోటావారు, కేవలము 85 గెలుపులతో వచ్చినవారు, డెట్రాయిటును 4-1గా ఓడించిరి. మొదటి ఆటయు, అయిదవ ఆటయు ఓడినది అలెగ్జాండరే. ఇంతకే కదా అని నవ్వువారు నవ్వుదురు. కాని 162 ఆటల పంటను కోసి కళ్లమునకు చేర్చినవానిని, తరువాత గాలివాన వచ్చినదని తిట్టుట న్యాయమా?

స్మోల్ట్జ్ సంగతి యెల్లరెరిగినదే. 1996లో 24 గెలుపులు. ఆ యేటి ఉత్తమ పిచ్చరునకిచ్చు సై యంగు బహుమానము. మోచేతికి శస్త్రచికిత్స యైన పిమ్మట ఆట చివర వచ్చి ముగించు పనిలోను మేటి. మొత్తము 213 గెలుపులు, 154 ఆటలను కాపాడుట. రెండు వందల గెలుపులును, నూటయేబది కాపాడుటలును గల పిచ్చరు అతడొక్కడే. 2015లో కూపర్స్ టౌనులోని మహనీయుల మందిరమున అతని పేరు చేర్చిరి. ఈ లెక్క నంతయు 1987 ఆగస్టు 12వ తేదీ పుటలో వ్రాసి డెట్రాయిటువారిని నిందించుచున్నారు. ఆనాటి పుటలో ఉన్నది నాలుగు, పది మాత్రమే.

మేము ఇరువది సంవత్సరములనుండి మార్కుల పుస్తకములు నింపుచున్నవారము. మా లెక్కలు ఎన్ని తప్పినవో మాకు తెలియును. ఎనిమిదవ తరగతిలో మేము ఆశ వదలుకొనిన బాలుడు ఇంజనీరై వచ్చి నమస్కరించినప్పుడు, లోలోపల సిగ్గుపడి, పైకి మాత్రము "నీయందు ఏదో యున్నదని నేను మొదటినుండి అనుకొంటినిరా" అనుట మాలో కొందరికి అలవాటు. కనుక ఇరువదియేండ్లవాని భవిష్యత్తును చూడలేదని యెవరినైనను వెక్కిరించుటకు మేము ముందునకు రాజాలము.

రైతుబిడ్డ యన్న మాటకు సమాధానము చెప్పవలసియున్నది. విత్తనపు వడ్లు చల్లినచో మొలచునని రైతునకు తెలియును. అందుచేతనే తినినవాడు అవివేకి. ఈ విత్తనములో వందకు ఎన్ని మొలచునో ఏ పెద్దయు చెప్పలేడు. పైగా మొలచుట మడిని బట్టియు నుండును. 1988లో అట్లాంటా 106 ఆటలు ఓడెను. అట్టి జట్టు కనుకనే, రెండు గెలిచి ఏడు ఓడిన కుఱ్ఱవానిని నిలుపుకొని నేర్పుటకు దానికి తీరిక కలిగెను. 1991లో సగము ఋతువు గడచుసరికి స్మోల్ట్జ్ 2 గెలిచి 11 ఓడెను. అయినను బాబీ కాక్సు అతనిని మానిపింపక వంతు వచ్చినప్పుడెల్ల పంపుచునే యుండెను. 1987లో ఆ బాలుని బేరమాడి తెచ్చినవాడును ఆ కాక్సే. మిగిలిన సగములో స్మోల్ట్జ్ 12 గెలిచి 2 మాత్రమే ఓడెను. డెట్రాయిటులోనే యున్నచో అతనికి ఇంతటి ఓర్పు దొరకియుండునని ఎవరు హామీ ఇత్తురు?

అట్లని, పేరుమోసిన పిచ్చరును కొనుట ఎల్లప్పుడును మంచిదని మేమనుట లేదు. 1964లో షికాగో కబ్సు జట్టువారు ఎర్నీ బ్రోగ్లియో అను పిచ్చరును తెచ్చిరి. అంతకు ముందటి యేడు 18 ఆటలు గెలిచినవాడు. వారి పక్షమున మూడేండ్లలో గెలిచినవి ఏడు. వారిచ్చిన లూ బ్రాక్ సెయింటు లూయీ జట్టున చేరి ఆ యేడే వరల్డు సిరీసు గెలిచెను. పండిన పండునకును లోపల పురుగుండవచ్చునన్నమాట. అంతకన్న ముఖ్యమేమనగా, ఆ కబ్సు ఆ యేడు ఎనిమిదవ స్థానమున నిలిచిరి. గెలుపునకు చేరువలోనే లేనివారికి ఆ తొందర యేల? 2008లో మిల్వాకీ సంగతి వేరు. 1982 తరువాత ఒక్కసారియు ఋతువు చివరి పోటీలలో అడుగిడని ఊరది. సి. సి. సబాతియాను తెచ్చుకొనగా అతడు 11 గెలిచి 2 ఓడి వారిని ఆ వాకిలి దాటించెను. ఇచ్చినవారిలో అందరికన్న ఎక్కువ వెలగట్టిన మాట్ లపోర్టా ఆశించినంత రాణించలేదు. తరువాత చేర్చి యిచ్చిన మైకేల్ బ్రాంట్లీ రాణించెను. ఏ మొక్క ఫలించునో అమ్మినవానికిని తెలియలేదు, కొన్నవానికిని తెలియలేదు.

డెట్రాయిటువారికి మేము నిజముగా తప్పు పట్టునది వేరొకటి కలదు. వారి నారుమడిలో మిగిలిన మొక్కలు చాలవయ్యెను. 1988లో ఒక్క ఆట తేడాతో రెండవవారైరి. 1989లో 103 ఆటలు ఓడిరి. అందు 18 అలెగ్జాండరే ఓడి, ఆ యేటితో ఆట మానెను. మరల 2006 వరకు ఆ జట్టు ఋతువు చివరి పోటీలను చూడలేదు. ఒక్క బాలుని ఇచ్చివేసినంతమాత్రమున పదునెనిమిదేండ్లు కరవు రాదు. ఇంట ఒక్కటే మొక్క యుండుట పెంపకపు లోపము. బేరపు లోపము కాదు.

ఇంకొక సంగతి మా మనస్సును బాధించును. నవ్విన పిల్లలలో ఎవ్వరికిని అది తోచలేదు. ఆ బాలుని ఎవరైనను అడిగిరా? పది సంవత్సరములు పెద్ద లీగులలో ఆడి, అందు కడపటి అయిదును ఒకే జట్టులో గడపినవానికి, నేను పోనని చెప్పు హక్కు కలదు. ఇరువదియేండ్లవానికి లేదు. పుట్టిన ఊరి జట్టులో ఆడవలెనని వచ్చినవాడు ఒక దినము పెట్టె సర్దుకొని పొమ్మన్నచోటికి పోవలసినదే. పెద్దలకు ఇచ్చిన మాట అడుగు హక్కు పిల్లలకేల లేదో మాకు బోధపడదు. బేరము చేసిన ఇరుపక్షములలో ఎవరును మోసపోలేదని మా నమ్మకము; కాని బేరమునకు వస్తువైనవాడు మూడవ పక్షము, అతని మాట యే లెక్కలోను లేదు. అలెగ్జాండరును ఇందుకు వేరు కాడు. 1971 డిసెంబరులో, ఇరువదియొకటేండ్ల వయస్సున, ఫ్రాంక్ రాబిన్సన్ అను మహా ఆటగానికి బదులుగా లాస్ ఏంజెలెస్ నుండి బాల్టిమోరునకు పంపబడిన యువకులలో అతడొకడు.

అదియే కాదు. అలెగ్జాండరు అట్లాంటాకు వచ్చినది టొరాంటోనుండి. 1986లో టొరాంటోవారు అతనిని ఇచ్చి డ్యూయేన్ వార్డు అను యువ పిచ్చరును పుచ్చుకొనిరి. అనగా, ముదిరినవానిని వదలి మొక్కను పెంచుకొనిరి. ఆ ముదిరినవాడే మరుసటి యేడు డెట్రాయిటు పక్షమున నిలిచి వారి కిరీటమును రెండాటల తేడాతో లాగికొనెను. తరగతిలోని విద్యార్థి ఈ బేరమును ఏ పట్టికలో చేర్చునో అడుగవలెనని యున్నది. 1992 అక్టోబరు 18వ తేదీన అట్లాంటాలో వరల్డు సిరీసు రెండవ ఆట జరిగెను. అట్లాంటా పక్షమున ఆటను ప్రారంభించినవాడు స్మోల్ట్జ్. 5-4గా గెలుపు దక్కినది టొరాంటో పక్షమున వచ్చిన వార్డునకు. అలెగ్జాండరునకు బదులుగా చేతులు మారిన ఇద్దరు కుఱ్ఱవాండ్రును ఆనాడు ఒకే మిట్టపై నిలిచి విసరిరి. అలెగ్జాండరు ఆట మాని అప్పటికి మూడేండ్లయినది.