రెండువైపులా చూపాలట!

మొన్న శ్రీరాంపూర్ పక్క పల్లెలో తెల్లగుడ్డ కట్టి డాక్యుమెంటరీ చూపించాం. పత్తి ఏరి వచ్చిన కూలీలు, మొదటి షిఫ్టు దిగిన బాయి కార్మికులు కూర్చున్నారు. సగంలోనే ఓ పెద్దమనిషి లేచి, "ఇది ఒకవైపు సినిమా. రెండువైపులా చూపాలె" అన్నాడు. ఆయనకు విత్తనాల దుకాణం ఉంది. ఆ పూట గట్టిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నా.

ఆ చిత్రం 2003లో వచ్చింది. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపమెందుకు వచ్చిందన్నది విషయం. తీసినవాళ్లెవరు? జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన పల్లె ఆడోళ్లు. దళితులు, ఎక్కువమంది బడి ముఖం చూడనివాళ్లు. కలుపు తీసిన చేతులతోనే కెమెరా పట్టారు. 2002లో బీటీ పత్తికి సర్కారు అనుమతి ఇచ్చింది. వీళ్లు రైతుల దగ్గరికి పోయి అడిగారు, వాళ్లు చెప్పింది తీశారు. 2005లో మూడేళ్ల లెక్క చెప్తూ ఇంకో చిత్రం తీశారు. అదే ఏడు మన రాష్ట్రంలో ఆ కంపెనీ మొదటి మూడు రకాలకు కేంద్ర కమిటీ అనుమతి పొడిగించలేదు. సినిమా వల్లే ఆగిందని నేననను. తర్వాత వేరే బీటీ రకాలొచ్చి దేశమంతా నిండిన మాటా నిజమే.

కంపెనీవాడు పల్లెపల్లెకు బండి కట్టి ప్రచార చిత్రం చూపినప్పుడు రెండో వైపు ఏదని ఈ పెద్దమనుషులు ఒక్కనాడు అడిగారా?

1984 భోపాల్ గ్యాస్ ఘోరం మీద తపన్ బోస్ వాళ్లు 'బియాండ్ జెనొసైడ్' తీశారు. జాతీయ అవార్డు వచ్చింది. దూరదర్శన్ మాత్రం వెయ్యనంది. సంయమనం లేదట, సమతూకం లేదట! 1992లో సుప్రీంకోర్టు ఆ సాకులు కొట్టేసింది. సర్కారును విమర్శించినంత మాత్రాన చిత్రాన్ని తొక్కిపెట్టరాదని తేల్చింది. అయినా బుద్ధి రాలేదు. 2024 జనవరిలో మన హైదరాబాద్‌లోనే ఆనంద్ పట్వర్ధన్ 'రామ్ కే నామ్' ప్రదర్శనను పోలీసులు ఆపి, నిర్వాహకులను పట్టుకుపోయారు. సెన్సార్ సర్టిఫికెట్, జాతీయ అవార్డు రెండూ ఉన్న చిత్రమది.

దీపా భాటియా తీసిన 'నీరోస్ గెస్ట్స్' కూడా తెచ్చుకుని చూడండి. విదర్భ రైతుల చావుల వెంట పి. సాయినాథ్ తిరిగిన కథ. కూలీల గోస అందులో తక్కువే అనిపించింది నాకు. అయితేనేం, అది ఆమె చూపు. అబద్ధమాడితే నిలదీద్దాం. ఎక్కడ నిలబడి చూసిందో అది మాత్రం ఆమె ఇష్టం.

ఇక మన ఇంటి సంగతి. రెండేళ్ల కింద ఓ కుర్రాడు పత్తి కూలి మీద చిన్న చిత్రం తీశాడు. అందులో ఒక అక్క, "ఆడోళ్లకు తక్కువ కూలి అని ఒప్పుకొని వచ్చింది సంఘపోళ్లే" అంది. మేము దాన్ని పక్కన పెట్టించాం. 'శత్రువుకు ఆయుధమైతది' అన్నాం. ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నా. ఆ అక్క చెప్పింది నిజం. ఆ ఒప్పందం కాడ నేనే కూర్చున్నా.

వచ్చే ప్రదర్శనలో ముందు ఆ చిత్రమే వేస్తున్నాం. అక్కను, కుర్రాడిని పిలిచాం. విత్తనాల దుకాణం పెద్దమనిషికీ కబురు పంపాం.