మనసు బాగోలేదని ఎవరూ ఫోన్ చెయ్యరు

2021 మే మొదటి వారం. మా ఊరి తెలుగు సంఘం తరఫున ఫోన్లు తీసుకునే అయిదుగురిలో నేనొకణ్ణి. ఆ వారం వచ్చిన ఫోన్లు ఇలాంటివి: గుంటూరులో ఆక్సిజన్ సిలిండర్ ఎవరి దగ్గర దొరుకుతుంది? రెమ్‌డెసివిర్ ఇప్పించగలిగినవాళ్ళు ఎవరైనా తెలుసా? ఇప్పుడు ఇండియా వెళ్తే మళ్ళీ ఇక్కడికి రానిస్తారా? జూమ్‌లో పదోరోజు కార్యక్రమం చేయించే పంతులుగారు ఉన్నారా? "నాకు మనసు బాగోలేదు, ఎవరితోనైనా మాట్లాడాలి" అని ఒక్కరూ అడగలేదు.

అదే నెలలో మేము మానసిక ఒత్తిడి మీద జూమ్‌లో ఒక కార్యక్రమం పెట్టాం. సైకియాట్రిస్టుగారు ఓపిగ్గా, చక్కటి తెలుగులో మాట్లాడారు. వచ్చినవాళ్ళలో సగం మంది కార్యవర్గ సభ్యులూ, వాళ్ళ కుటుంబాలూ. అందరి కెమెరాలూ ఆపేసి ఉన్నాయి. ప్రశ్నలుంటే అడగండి అంటే, చాలాసేపటికి ఒకాయన వాక్సిన్ రెండో డోసు ఎన్ని వారాలకి వేయించుకోవాలని అడిగారు. కార్యక్రమం విజయవంతమైందని ఫేస్‌బుక్‌లో ఫోటో పెట్టుకున్నాం.

ఆ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు అర్థమైనది ఇది. మనవాళ్ళకి సాయం అక్కర్లేక కాదు, ఆ వెబినార్‌కి రానిది. వాళ్ళు అప్పటికే మాకు ఫోన్ చేసేశారు, కాకపోతే వీసా పేరుతోనో, సిలిండర్ పేరుతోనో. మేము వీసా సంగతి చెప్పి ఫోన్ పెట్టేశాం.

కరోనా మొదటి ఏడాదిలోనే ప్రపంచవ్యాప్తంగా ఆందోళన, డిప్రెషన్ జబ్బులు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో లెక్క చెప్పింది. అందరికీ ఉన్న బాధే మనకీ ఉంది. కానీ వీసా మీద బతికే కుటుంబానికి దానిమీద ఇంకో పొర ఉంది. అది మందులకి లొంగేది కాదు, ప్రభుత్వ ఉత్తర్వుల్లోంచి పుట్టినది. ఒకసారి వరసగా గుర్తుచేసుకుందాం.

2020 మార్చిలో ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసింది, ఓసీఐ కార్డు మీద వీసా లేకుండా వెళ్ళే సౌకర్యాన్నీ ఆపేసింది. మేలో వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. అప్పుడు కొందరు తల్లిదండ్రులకి ఎదురైన సమస్య ఊహించండి: అమ్మానాన్నలవి ఇండియన్ పాస్‌పోర్టులు, ఇక్కడ పుట్టిన చంటిదానిది అమెరికన్ పాస్‌పోర్టు. పెద్దవాళ్ళు ఎక్కొచ్చు, పిల్ల ఎక్కడానికి లేదు! మే 22న ఆ నిబంధన సడలించేదాకా ఇదే తంతు. జూన్‌లో హెచ్-1బి వీసాలమీద కొత్తగా లోపలికి రాకుండా ఇక్కడి ప్రభుత్వం ఆపింది. అది 2021 మార్చి 31 దాకా నడిచింది. అప్పటికే ఇండియాలో చిక్కుకుపోయిన భర్త అక్కడ, భార్యాపిల్లలు ఇక్కడ. 2020 జులై 6న, క్లాసులన్నీ ఆన్‌లైన్‌లోనే ఉంటే ఎఫ్-1 విద్యార్థులు దేశం విడిచి వెళ్ళాలన్నారు. జులై 14న వెనక్కి తీసుకున్నారు. ఆ ఎనిమిది రోజులూ ఎంఎస్ కుర్రాళ్ళు పడ్డ అవస్థ నాకు బాగా తెలుసు, ఎందుకంటే పదేళ్ళ కిందట నేనూ అలాంటి కుర్రాణ్ణే. సామాను అమ్మేద్దామా ఉంచుదామా, లీజు మాటేమిటి, ఇంట్లో చెప్పాలా వద్దా. చాలామంది ఇంట్లో చెప్పలేదు.

దీనికి తోడు, ఉద్యోగం పోయిన హెచ్-1బి వాళ్ళకి మహా అయితే 60 రోజుల గడువు. 2020 ఏప్రిల్‌లో ఈ దేశంలో నిరుద్యోగం 14.7 శాతానికి వెళ్ళినప్పుడు ఆ 60 రోజులంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆరు నెలలకని వచ్చి ఇరుక్కుపోయిన తల్లిదండ్రుల సంగతి ఇంకొకటి. ఇండియా నుంచి లెక్కగా తెచ్చుకున్న బీపీ, షుగర్ బిళ్ళలు అయిపోతాయి, విజిటర్ ఇన్సూరెన్సేమో పాత జబ్బుల దగ్గర చేతులెత్తేస్తుంది. ఆ మందుల గురించి ఫోన్ చేసినవాళ్ళెవరూ తమకి నిద్రపట్టడం లేదని చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇక 2021 ఏప్రిల్, మే. ఇండియాలో రోజుకి నాలుగు లక్షలు దాటి కేసులు. మే 4 నుంచి, అంతకుముందు 14 రోజుల్లో ఇండియాలో ఉన్న నాన్-ఇమ్మిగ్రెంట్లు అమెరికాలోకి రావడానికి లేదన్నారు. అమెరికన్ పౌరులైన చిన్నపిల్లల తల్లిదండ్రులకి మినహాయింపు ఉంది. ఉంటే ఏం? స్టాంపింగ్ గడువు ముగిసినవాళ్ళు కాన్సులేట్‌కి వెళ్ళాలి, అక్కడ అపాయింట్‌మెంట్లు దాదాపు లేవు. ఈ నిషేధం నవంబర్ 8న గానీ పోలేదు.

ఆ రోజుల్లో నాకు ఫోన్ చేసిన ఒకాయన గురించి చెప్పాలి. వాళ్ళ నాన్నగారు నెల్లూరులో ఐసీయూలో ఉన్నారు. ఈయన స్టాంపింగ్ ఎప్పుడో అయిపోయింది. వెళ్తే తిరిగొచ్చే దారి లేదని నేను అయిదు నిమిషాల్లో చెప్పేశాను. ఆయన "మెక్సికోలో పద్నాలుగు రోజులుండి వస్తేనో?" అన్నాడు. స్టాంపింగ్ లేనప్పుడు ఎక్కడ ఉండి వచ్చినా ఒకటేనని చెప్పాను. కాసేపాగి మళ్ళీ అదే ప్రశ్న. మూడోసారి అడిగినప్పుడు నాకు కొంచెం విసుగొచ్చింది కూడా. నాలుగు రోజులకి పెద్దాయన పోయారు. బాబాయి కొడుకు తలకొరివి పెడుతుంటే ఈయన వాట్సాప్‌లో చూశాడు. నెట్‌వర్క్ సరిగ్గా లేక బొమ్మ మధ్యలో ఆగిపోయిందట.

ఆర్నెల్ల తర్వాత, రాత్రి పదకొండింటికి ఆయన మళ్ళీ ఫోన్ చేసి డ్రాప్‌బాక్స్ పద్ధతిలో స్టాంపింగ్ ఎలా అని అడిగాడు. జవాబు కాన్సులేట్ వెబ్‌సైట్‌లోనే ఉంది. నాకన్నా సీనియర్ ఇంజనీరు, ఆ మాత్రం వెతుక్కోలేక కాదు. నేను లింకు పంపించి పడుకున్నాను. ఆయనకి ఏమీ కాలేదు, క్షేమంగానే ఉన్నాడు. కానీ ఆ రాత్రి "ఇంకా మేలుకునే ఉన్నారేంటండీ?" అని ఒక్క మాట అడిగుండాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. దగ్గరివాళ్ళు పోయి ఏడాది దాటినా దుఃఖం మనిషిని రోజువారీ పనుల్లోకి రానివ్వకుండా పట్టుకుని ఉంటే దాన్ని ఒక రుగ్మతగా గుర్తించాలని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2022 మార్చిలో తన ప్రామాణిక గ్రంథంలో చేర్చింది. కడచూపు, కర్మకాండ లేకుండా మనవాళ్ళెందరు ఆ కోవలోకి వచ్చారో లెక్క తీసినవాళ్ళెవరూ నాకు తారసపడలేదు.

మనవాళ్ళు బయటపడకపోవడానికి సిగ్గొక్కటే కారణమని అందరూ అంటారు. అది కొంతవరకు నిజమే. హైదరాబాద్‌లో పెరిగినవాడికి "ఎర్రగడ్డ" అన్న ఊరిపేరే ఒక తిట్టు. వైజాగ్ వాళ్ళకి వాల్తేరు అలాగే. మన భాషలో దిగులు, బెంగ, గుబులు, చింత అని ఇన్ని మాటలుండగా డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి అన్నీ పోయి "మెంటల్" ఒక్కటే మిగులుతుంది. కానీ నేను మాట్లాడినవాళ్ళలో సిగ్గుకన్నా బలమైన కారణం ఇంకొకటి కనిపించింది: భయం. కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే కంపెనీకి తెలిసిపోతుందని, రేపు గ్రీన్ కార్డు మెడికల్‌లో పట్టుకుంటారని.

ఈ భయం సంగతి విడమరిచి చెప్పాల్సిన అవసరముంది. ఇమ్మిగ్రేషన్ చట్టంలో మానసిక రుగ్మత ప్రస్తావన ఉన్నమాట నిజం. అయితే రుగ్మత ఒక్కటే చాలదు. దానివల్ల తనకో ఇతరులకో ప్రమాదం కలిగించే ప్రవర్తన కూడా ఉండాలి, లేదా అది మళ్ళీ జరిగే అవకాశం ఉండాలి. దిగులుగా ఉందని కౌన్సెలర్‌తో మాట్లాడటం, డాక్టర్ రాసిన మాత్ర వేసుకోవడం వాటంతట అవే అడ్డంకి కావు. నిజంగా అడ్డంకి అయ్యేది ఏమిటో తెలుసా? తాగి కారు నడిపి పట్టుబడటం. దాంతో కాన్సులేట్ వీసా రద్దు చేయవచ్చు, మళ్ళీ మెడికల్‌కి పంపించవచ్చు. రికార్డులో పడుతుందని కౌన్సెలర్‌ని మానేసి, రాత్రిపూట బేస్‌మెంట్‌లో ఒంటరిగా గ్లాసు ముందు కూర్చునే పెద్దమనుషులు ఈ తేడా గమనించాలి.

కంపెనీ సంగతి కూడా అంతే. చాలా కంపెనీల్లో ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ అని ఒకటుంటుంది, చేరిన రోజు ఇచ్చిన కాగితాల్లో ఎక్కడో అడుగున. కొన్ని సెషన్లు ఉచితం, హెచ్-4లో ఉన్న భార్యకో భర్తకో కూడా సాధారణంగా వర్తిస్తుంది. ఎవరు ఏం మాట్లాడారన్నది మేనేజర్‌కి చేరదు. ఆ సెషన్లు అయ్యాకే అసలు కష్టం మొదలవుతుంది. మానసిక వైద్యానికి ఇన్సూరెన్స్ వర్తింపజేసే చోట ఒంటి జబ్బులకన్నా కఠినమైన షరతులు పెట్టరాదని 2008 నుంచి చట్టముంది. కానీ ఇన్సూరెన్స్ వాళ్ళ జాబితాలో ఉన్న కౌన్సెలర్లకి ఫోన్ చేసి చూడండి: ఒకరు కొత్తవాళ్ళని తీసుకోవడం లేదు, ఒకరు ఊరు మారిపోయారు, ఒకరు ఫోనే ఎత్తరు. తెలుగు వచ్చినవాళ్ళు కావాలంటే ఇక చెప్పేదేముంది.

అందుకే కరోనా రోజుల్లో చాలామంది హైదరాబాద్‌లోని కౌన్సెలర్లతో వీడియోలో మాట్లాడటం మొదలుపెట్టారు. ఖర్చు తక్కువ, భాష మనది, అత్తగారంటే ఏమిటో విడిగా వివరించక్కర్లేదు. నేను దాన్ని తప్పుపట్టను. అయితే రెండు ఇబ్బందులున్నాయి. ఇక్కడ లైసెన్సు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే కాబట్టి ఇక్కడి ఇన్సూరెన్స్ ఆ ఖర్చు ఇవ్వదు. రెండోది ముఖ్యమైనది: డాలస్‌లో మనిషి ప్రాణం తీసుకునే స్థితిలో ఉంటే హైదరాబాద్‌లో ఉన్నామె ఆ ఇంటికి అంబులెన్స్ పంపించలేదు. ఆ క్షణానికి 988 ఉంది. 2022 జులై 16 నుంచి పనిచేస్తున్న నంబరు ఇది. అనువాదకుల సాయంతో 240కి పైగా భాషల్లో మాట్లాడొచ్చని ఆ సంస్థే చెబుతోంది. కంగారులో ఇంగ్లీషు తిరగని పెద్దవాళ్ళకి "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అన్న రెండు మాటలు నేర్పి ఉంచాలి. ఇండియాలో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నలకైతే 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి-మానస్ ఉంది, నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు.

ఇప్పుడు మళ్ళీ సంఘాల దగ్గరికి. ఈ విషయంలో నాకు దారి చూపించినది అమెరికా కాదు, జింబాబ్వే. అక్కడ లక్షల మందికి గుప్పెడుమంది సైకియాట్రిస్టులు. వాళ్ళలో ఒకరైన డిక్సన్ చిబాందా 2006లో హరారే నగరంలో పద్నాలుగు మంది అమ్మమ్మలకి శిక్షణ ఇచ్చి, ఆస్పత్రి బయట ఒక బల్ల మీద కూర్చోబెట్టారు. దాని పేరు ఫ్రెండ్‌షిప్ బెంచ్. వాళ్ళు డిప్రెషన్ అన్న మాట వాడరు. షోనా భాషలో "కుఫుంగిసిస" అంటారు, అంటే అతిగా ఆలోచించడం. మన ఇళ్ళలో "ఊరికే ఆలోచించకురా" అంటామే, ఆ ఆలోచనే! ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం పొందినవాళ్ళలో సగం మందికి డిప్రెషన్ లక్షణాలు మిగిలి ఉండగా, ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళలో 14 శాతానికే మిగిలాయని 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయింది. ఆ అమ్మమ్మలు చేసిందల్లా ముందు వినడం, తర్వాత ఉన్న కష్టాల్లో ఒకదాన్ని ఎంచుకుని దాని సంగతి కలిసి చూడటం.

ఒక కష్టాన్ని పట్టుకుని దాని సంగతి చూడటం మన సంఘాలకి చేతనైనంతగా ఇంకెవరికీ చేతకాదు. ప్రమాదంలో పోయిన విద్యార్థి భౌతికకాయాన్ని ఊరికి పంపించడానికి తానా టీమ్ స్క్వేర్ గానీ, నాట్స్ హెల్ప్‌లైన్ గానీ ఎలా పరుగెడతాయో మనకి తెలుసు. మిగిలింది వినడం. ఫోన్లు తీసుకునే వాలంటీర్లకి మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ శిక్షణ ఇప్పించడం పెద్ద పని కాదు. ఆస్ట్రేలియాలో పుట్టి 2008లో ఇక్కడికి వచ్చిన కోర్సు అది, ఒక్క రోజులో అయిపోతుంది. ఆత్మహత్య ఆలోచనలున్నాయేమోనని సూటిగా ఎలా అడగాలో నేర్పుతారు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఉగాది బడ్జెట్‌లో ఒక పాటల బృందం విమానం టికెట్లంత ఖర్చు కూడా కాదు. సినిమావాళ్ళు రావద్దని నేననను. ఒక టికెట్ తగ్గితే మునిగిపోయేది లేదంటున్నాను.

దీనికి అభ్యంతరం చెప్పేవాళ్ళున్నారు. మా కార్యవర్గంలో ఒక అక్కయ్య తేల్చి చెప్పారు: "నా బాధ నీకు చెప్పుకుంటే, వచ్చే శనివారం పాట్‌లక్‌లో నీ మొహం ఎలా చూడను?" నిజమే. మన ఊళ్ళలో తెలుగువాళ్ళమంతా ఒకే గుడికి, ఒకే ఇండియన్ స్టోర్‌కి వెళ్ళేవాళ్ళం. గోప్యత పాటిస్తామని ఎన్ని సంతకాలు పెట్టినా ఆవిడ అనుమానం తీరదు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుమంటూ ప్రకటన వచ్చి, ఎవరికి వర్తిస్తుందో తేలక అందరూ అల్లాడిన ఆ శని ఆదివారాల్లో మా ఫోన్లు మళ్ళీ మోగాయి. ఈసారి ఇంకో రాష్ట్రంలోని సంఘంతో ఒక ఒప్పందానికి వచ్చాం: మా ఊరి ఫోన్లు వాళ్ళు తీసుకుంటారు, వాళ్ళ ఊరివి మేము. కాలమానం తేడా వల్ల కాస్త తికమకగా ఉంది. పేర్లు అడగం. వీసా సంగతి చెప్పడం అయ్యాక, ఇంట్లో ఎవరెవరున్నారో, రాత్రి నిద్రపట్టిందో లేదో అడుగుతున్నాం. మొన్న ఒక కుర్రాడు ఓపీటీ గడువు గురించి ఫోన్ చేసి, ఆ ప్రశ్న దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. నేను ఫోన్ పెట్టలేదు.