పరాజయానంతర పాండిత్యము

ఓటమి సంభవించిన మరునాడు ప్రతి ప్రేక్షకుడును సేనానాయకుడగును. గట్టున కూర్చుండి ఈత నేర్పువారికి ఏ దేశమునందును కొదువలేదు. అయినను ప్రేక్షకుల విమర్శనమంతయు వ్యర్థప్రలాపమని త్రోసివేయుట న్యాయముగాదు. విమర్శనమేది, నింద యేది యను భేదమును గ్రహించుటకు అమెరికా కళాశాలల బేస్‌బాల్ క్రీడలో 2021వ సంవత్సరము జూన్ 13వ తేదీన జరిగిన యొక పోటీ మిగుల నుపకరించునని మేము తలంచుచున్నాము.

ఆ యేట ఆర్కాన్సా విశ్వవిద్యాలయపు జట్టు దేశమందెల్ల ప్రథమ స్థానమున నెన్నబడి జాతీయ పోటీలలో ప్రవేశించెను. ఒమాహా నగరమున జరుగు కడపటి పోటీలకు చేరవలెనన్నచో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయపు జట్టును మూడాటలలో రెండింట గెలువవలసియుండెను. ఫేయెట్విల్ పట్టణమున, తన సొంత మైదానమునందే, మొదటి యాటను 21-2 పరుగులతో గెలిచెను. రెండవదానిని 6-5తో గోల్పోయెను. అన్నియు మూడవ యాటపై నిలిచెను.

బేస్‌బాలునందు పిచ్చరనువాడు మన క్రికెట్టునందలి బౌలరు వంటివాడు. కాని యొకమారు ఆటనుండి తొలగింపబడినవాడు ఆ దినమున మరల ప్రవేశించుటకు వీలులేదు. కావున ఆట చివరి ఘట్టమును గాపాడుటకు ఒక మేటిని వెనుక నుంచుట వాడుక. ఆర్కాన్సాకు అట్టి మేటి కెవిన్ కాప్స్. శిక్షకుడు డేవ్ వాన్ హార్న్ ఆ దినమున వాడుకను విడిచి అతనినే మొదట నిలిపెను. ఆ సంవత్సరమున కాప్స్ ఆటను ప్రారంభించుట అదియే మొదలు. ఎనిమిది ఇన్నింగులు ముగియునప్పటికి ఇరుపక్షములును చెరి రెండు పరుగులతో సమముగ నుండెను. తొమ్మిదవ ఇన్నింగునకును కాప్స్‌నే పంపిరి. హోసే టోరెస్ అతని బంతిని మైదానము వెలుపలికి గొట్టెను. ఆర్కాన్సా 3-2తో ఓడెను. ఆనాడు కాప్స్ విసరిన బంతులు 118.

ఇట్టి యోటమి పిమ్మట అభిమానులడుగు ప్రశ్నలు తెలిసినవే. చివరకు నిలుపవలసినవానిని మొదటనేల నిలిపిరి? ఎనిమిదవ ఇన్నింగు పిమ్మట నేల తొలగింపరైరి? తక్కిన పిచ్చర్లు ఏమైరి? ప్రశ్నలు సమంజసములే. కాని శిక్షకుని పక్షమునను చెప్పవలసినది గలదు. ఆరు దినములకు పూర్వము నెబ్రాస్కా జట్టుపై ఇట్టి నిర్ణయాత్మకమైన యాటలోనే కాప్స్ ఏడు ఇన్నింగులు విసరి జట్టును గట్టెక్కించెను. ఆ యేడాది యంతయు దేశమున అతనికి సాటివచ్చినవారు అరుదు. అట్టివానిని నమ్ముట అవివేకమని ఎవ్వరనగలరు? టోరెస్ కొట్టిన బంతి ఫీల్డరు చేతిలో పడియుండినచో ఈ నిర్ణయమే ధైర్యముగ కీర్తింపబడియుండెడిది.

కావున నిర్ణయమును నిర్ణయకాలమున తెలిసినదానినిబట్టి తూచవలెనేగాని, పిదప వచ్చిన ఫలితమునుబట్టి గాదు. ఎనిమిదవ ఇన్నింగు ముగిసినప్పుడే “ఇక చాలు” అనినవాని మాటకు విలువ గలదు. బంతి గోడ దాటిన పిమ్మట మేల్కొనినవాని మాట చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుట వంటిది. మఱియు రెండు దినముల క్రిందట 21 పరుగులు చేసిన జట్టు ఆనాడు రెండింటితో నిలిచిపోయెను. ఆ లోపమును పిచ్చరుపై మోపుట ఏ లెక్కకును నిలువదు.

అయితే అభిమానుల వివాదములో మఱుగున పడిపోవు ప్రశ్న యొకటి గలదు. మా దృష్టిలో అదియే ముఖ్యము. ఓటమికి కారకుడెవ్వడని గాక, ఆ చేయి ఎంత భారమును మోయవలెనని అడుగవలెను. దున్నెడి యెద్దునే పొడిచినట్లు, సమర్థుడైనవానిపైననే భారమంతయు పడుచున్నది. అమెరికాలో పసిబాలుర లిటిల్ లీగ్ పోటీలలో 2007వ సంవత్సరము నుండి బంతుల సంఖ్యకు పరిమితి గలదు. ఉన్నత పాఠశాలల విషయమున ప్రతి రాష్ట్రమును బంతుల లెక్కపై నియమము నేర్పరచుకొనవలెనని 2017లో నిబంధన వచ్చెను. కాని 2021 నాటి కళాశాల క్రీడలో అట్టి పరిమితియే లేదు. గెలుపు కోరెడి శిక్షకుడే విద్యార్థి భుజమునకును రక్షకుడు. ఈ రెండు బాధ్యతలును ఒక్కని చేతనుంచుట, అతడెంత సజ్జనుడైనను, మంచి యేర్పాటు కాదు. ఆటకు ముందే వ్రాసియుంచిన పరిమితి యున్నచో శిక్షకునకు శోధన తప్పును, విద్యార్థికి రక్షణ కలుగును.

ఫలితమును నమ్మరాదనుటకు తరువాతి కథయే సాక్షి. కాప్స్ ఆ యేటి ఉత్తమ క్రీడాకారునకిచ్చు గోల్డెన్ స్పైక్స్ బహుమానమును పొందెను. గెలిచిన నార్త్ కరోలినా స్టేట్ జట్టు ఒమాహాకు పోయి, కరోనా వ్యాధి నిబంధనల కారణమున జూన్ 26వ తేదీన పోటీనుండి తొలగింపబడెను. బిరుదము మిసిసిపీ స్టేట్ జట్టునకు దక్కెను. ఇందులో ఏ శిక్షకుని వివేకమునకును, అవివేకమునకును ప్రసక్తి లేదు.

అభిమానులు శిక్షకుని ప్రశ్నింపవలసినదే. జీతము పుచ్చుకొని బాధ్యత వహించువాడు సమాధానమీయవలసినదే. కాని బరువు మోసిన విద్యార్థిని దూషింపరాదు. మఱియు రాబోవు సంవత్సరమున అట్టి బరువు మఱియొకని భుజముపై హద్దు లేక పడకుండ నియమము కోరుట అభిమానుల ధర్మమని మేము నొక్కి చెప్పుచున్నాము.