కబురు రాని దినము



గత మాసమున ఈ శీర్షిక క్రింద ఊరగాయలు వర్షకాలమున బూజు పట్టకుండ కాపాడుకొను విధమును ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున ఊరగాయకంటెను త్వరగా చెడిపోవునట్టి యొక వస్తువును గూర్చి వ్రాయుచున్నాము. అది ఇంటనున్న వారి మనశ్శాంతి. దానిని మేము మా చేతులారా ఎట్లు చెడగొట్టుకొంటిమో చెప్పినచో, ఈ సంవత్సరము దూరప్రయాణము తలపెట్టిన వారికి ఉపకరింపవచ్చును.

వేసవి సెలవులలో మేమును మా వారును అండమాను దీవులకు పోయి వచ్చితిమి. మా చెల్లెలి కాపురము పోర్ట్ బ్లెయిరులో. ఆ పట్టణమునకు 2024వ సంవత్సరమున శ్రీ విజయపురమని పేరు మార్చిరి. మా చెల్లెలి నోట మాత్రము ఇంకను పాతపేరే వచ్చుచున్నది. జంగారెడ్డిగూడెమునకు రైలు లేదు గదా! ఏలూరు వరకు బస్సు, ఏలూరు నుండి చెన్నపట్టణమునకు రైలు, అచ్చటినుండి ఓడ. ఇంటివద్ద మా అత్తగారును, ఇంటర్మీడియట్ చదువుచున్న మా అమ్మాయియు ఉండిరి. అత్తగారికి డెబ్బది యేండ్లు దాటినవి. మధుమేహమునకు రెండు పూటల మాత్ర వేసికొందురు.

బయలుదేరుటకు ముందు మా వారు గోడమీది క్యాలెండరును దింపి, బడిలో పాఠము చెప్పినట్లు తల్లికి చెప్పిరి. "అమ్మా, ఓడ తీరము విడిచిన తరువాత సెల్‌ఫోను పలుకదు. టవరు భూమిమీద ఉండును గాని నీటిమీద ఉండదు. ఈ మూడు దినములకును సున్నాలు చుట్టుచున్నాను. నాలుగవనాడు ఫోను చేసెదము." ఆమె ఆ సున్నాలను చూచి తల యూపిరి. మూడు దినములు మా యొద్దనుండి అక్షరమైనను రాలేదు. అయినను ఆమె వేళకు భుజించిరి, నిద్రించిరి, మాత్ర వేసికొనిరి. నాలుగవనాడు మేము ఫోను చేయగా, "అప్పుడే చేరిపోయారా?" అని అడిగిరి. ఈ సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనవలెను.

దీవులకు చేరిన పిమ్మట మా అవస్థ వేరైనది. అండమాను నికోబారు దీవులు ఎనిమిది వందలకు పైబడి యున్నను, జనులు నివసించునవి కొద్ది పదులు మాత్రమే. అచ్చట తెలుగువారు కొల్లలు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ననుసరించి నూటికి సుమారు 13 మందికి తెలుగు మాతృభాష. అంగడివీధిలో శ్రీకాకుళము పలుకుబడి విని మేము మురిసిపోతిమి.

పూర్వము ఆ దీవులకు టెలిఫోనును ఇంటర్నెట్టును ఉపగ్రహముల మీదుగా పోవుచుండెను. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నున్న ఉపగ్రహమునకు మాట ఎక్కి దిగవలెను. ప్రశ్నకును ప్రత్యుత్తరమునకును నడుమ అర సెకను వ్యవధి తప్పదు. అదియుగాక ఆ దారి మిక్కిలి యిరుకు. 2018 డిసెంబరు 30వ తేదీన సముద్రగర్భమున తంతి వేయుటకు శంకుస్థాపన జరిగెను. 2020 ఆగస్టు 10వ తేదీన ఆ తంతిని ప్రధానమంత్రి ప్రారంభించిరి. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. చెన్నపట్టణము నుండి పోర్ట్ బ్లెయిరునకును, అచ్చటినుండి స్వరాజ్ ద్వీపము, రంగత్, లాంగ్ ఐలాండు, చిన్న అండమాను, కార్ నికోబారు, కామోర్తా, గ్రేట్ నికోబారులకును అది పోవుచున్నది. వెండ్రుకవలె సన్నని గాజుపోగులలో వెలుగు పరుగెత్తును. ఆ వెలుగే మన మాట, మన బొమ్మ. దారిలో వెలుగు మందగింపకుండ నడుమనడుమ దానిని బలపరచు సాధనములుండును. ఇట్టి తంతియే 2024 జనవరిలో కొచ్చి నుండి లక్షద్వీపములకును ప్రారంభమైనది.

ఇంత సౌకర్యము చూచి మాకు మతి తప్పినది. పోర్ట్ బ్లెయిరులో మా ఫోనులు చురుకుగా పనిచేసినవి. ప్రతి సాయంకాలము ఏడు గంటలకు వీడియోలో అత్తగారికి కనబడుచుంటిమి. సెల్యులార్ జైలు గోడలు, సముద్రపు అలలు, చెల్లెలి పెరటిలోని కొబ్బరిచెట్లు – దినమునకు నలుబది ఫొటోలు వాట్సాప్‌లో పంపితిమి. ఆమెకు ఏడు గంటల గడియారము అలవాటైనది.

ఐదవనాడు మా మరిదిగారికి చిన్న అండమాను దీవిలోని హట్‌బేలో కచేరీ పని తగిలినది. "ఒక్కరాత్రి ఉండి వచ్చెదము, వదినగారూ, మీరును రండి" అని ఆయన పిలువగా, చెల్లెలితోగూడ అందరము తెల్లవారుజామున పడవ ఎక్కితిమి. ఇంటికి చెప్పలేదు. సాయంకాలము ఎట్లును మాటలాడెదము గదా యని తలచితిమి.

హట్‌బేలో దిగునప్పటికి మా ఫోనులలో గీతలు లేవు. ఇంట నందరమును ఒకే కంపెనీ సిమ్ములు వాడుచుంటిమి. ఆ టవరు ఆనాడు మూగవోయి యుండెను. సముద్రగర్భపు తంతి దీవి యొడ్డువరకే గదా వచ్చునది! అటనుండి టవరు వరకు దారి యుండవలెను, టవరునకు విద్యుత్తు ఉండవలెను. ఆ దీవులలో విద్యుత్తు చాల భాగము డీజెలు యంత్రములమీదనే పుట్టుచున్నది. వీనిలో ఏది నిలిచినను ఫోను నిలుచును. "రేపు వెళ్లిన తరువాత చెప్పుదములే" అని మేము నిద్రపోతిమి. మరునాడు సముద్రము పొంగుటచే పడవ పోలేదు.

ఆ సాయంకాలము రేవు దగ్గర నొక అంగడిలో కొవ్వొత్తులు కొనబోగా, అంగడివాడు మా మాట విని, "మీదే వూరండీ?" అని అడిగెను. ఆయనది సోంపేట దగ్గర పల్లె. మేము చిక్కుబడిన సంగతి చెప్పగనే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇంటికి చెప్పారా అండీ?" లేదంటిమి. ఆయన మరి మాటలాడక తన ఫోను మా చేతిలో పెట్టెను. అది వేరొక కంపెనీ సిమ్ము, రెండు గీతలున్నవి. "2004లో సునామీ వచ్చినప్పుడు నేను బతికే వున్నాను. కానీ మా అమ్మకి ఆ సంగతి పదిరోజులదాకా తెలీలేదు. ముందు చెయ్యండి" అనెను. ఆ 2004 డిసెంబరు 26వ తేదీని స్మరించుకొని మా చేతులు వణకినవి.

ఇంట ఫోను తీసినది మా అమ్మాయి. మా గొంతు వినగనే ఏడ్చినది. మొదటినాటి రాత్రి ఏడు దాటినది, ఎనిమిది దాటినది. తాను పంపిన సందేశమునకు ఒక్క గుర్తే గాని రెండవది పడలేదు. ఇరుగింటివారు టీవీలో బంగాళాఖాతమున అల్పపీడనమని విని వచ్చి చెప్పిరి. అత్తగారు కంచము ముందునుండి లేచిపోయిరి. మరునాటి యుదయము ఏమియు తినకయే అలవాటుచొప్పున మాత్ర మాత్రము వేసికొనిరి. మధ్యాహ్నమునకు చెమటలు పట్టి, కన్నులు తిరిగి, వసారాలో కూలబడిరి. ఇరుగింటి యిల్లాలు పంచదార నీళ్లు త్రాగించి వైద్యుని పిలిపించుటచే ఆపద తప్పినది. ఆ నీళ్లు ఇంకొక గడియ ఆలసించియుండినచో ఏమగునో యని తలచుటకు మాకు ఈనాటికిని ధైర్యము చాలదు.

ఇంటికి వచ్చి అత్తగారి పాదములకు నమస్కరించి, "మా ఫోను పనిచేయలేదు, అత్తయ్యగారూ" అంటిమి. ఆమె నవ్విరి. "ఫోను మాట అలా వుంచమ్మా. ఓడమీద మూడు రోజులు కబురు లేదు. నేను హాయిగా నిద్రపోయాను. ఎందుకంటే రాదని అబ్బాయి చెప్పి వెళ్లాడు. ఆ ఒక్కరోజూ చెప్పకుండా వెళ్లారు. అంతే తేడా."

పిమ్మట తన చిన్ననాటి ముచ్చట చెప్పిరి. ఆమె పుట్టినిల్లు కొల్లేటి లంకలలోని యొక పల్లె. వానకాలమున తమ్మిలేరు, బుడమేరు పొంగి కొల్లేటిలో పడినప్పుడు ఆ పల్లె నీటి నడుమ దీవియే. దోనె కట్టినవాడు ఒడ్డుకు చేరినాడో లేదో ఇంటివారికి తెలియుటకు సాధనమే లేదు. అయినను వారింట ఎవరును ఉపవాసముండలేదు. "మా నాన్న దోనె ఎక్కేముందు, 'సంతనాటికి కబురు పంపుతాను, సంత దాటితే మీ మామయ్యని పంపండి' అని చెప్పి వెళ్లేవాడు. సంతదాకా మాకు భయం లేదు. సంత దాటితే ఏం చెయ్యాలో మాకు తెలుసు."

ఆ మాట విని మాకు రామాయణము జ్ఞప్తికి వచ్చినది. సీతను వెదకుటకు వానరులను పంపునప్పుడు సుగ్రీవుడు ఒక్క మాసము గడువు పెట్టెను. దక్షిణదిక్కునకు పోయిన అంగదాదులు ఆ గడువు దాటిపోగనే సముద్రతీరమున ప్రాయోపవేశమునకు కూర్చుండిరి. మా ఊరి చెంత గురవాయిగూడెము మద్ది ఆంజనేయస్వామికి ఎన్ని మారులు ప్రదక్షిణము చేసితిమో! సముద్రము దాటిన ఆ స్వామి కథలో గడువునకు ఎంత విలువ యున్నదో మాకు అంతవరకు తట్టలేదు.

కావున సోదరీమణులారా, దీవులకు గాని, కొండలకు గాని, పాపికొండల నడుమ లాంచీ ప్రయాణమునకు గాని పోవువారు ఈ క్రింది విషయములు గమనింపుడు.

అండమానులు మన దేశములోనివే గనుక మన సిమ్మే అచ్చట పనిచేయును. విదేశములకు వలె వేరు సిమ్ము కొనబనిలేదు. అయితే ఇంటిల్లిపాది ఒకే కంపెనీ సిమ్ములు పెట్టుకొనరాదు. ఒక ఫోనులోనైనను రెండవ కంపెనీ సిమ్ము వేసికొని, ఆయా దీవిలో ఏది పలుకునో ముందుగా అచ్చటివారి నడుగుడు. డేటా అందని చోట మామూలు ఎస్సెమ్మెస్ ఒక్కొక్కప్పుడు పోవును. "క్షేమము" అను ఒక్క మాట చాలును. ఫొటోలు పోర్ట్ బ్లెయిరు వంటి పట్టణమునకు వచ్చిన తరువాత పంపుకొనవచ్చును.

టిక్కెట్లును గుర్తింపు కార్డులును కాగితముమీద నుంచుకొనుడు. ఊరి పటమును సిగ్నలు ఉన్నప్పుడే ఫోనులో దింపి దాచుకొనుడు. డేటా లేనిచోట ఫోనుతో డబ్బు చెల్లించుట కష్టము గనుక కొంగున కొంత రొక్కము తప్పదు. నడిసముద్రమున ఫోను సిగ్నలు కొరకు వెదకి వెదకి బ్యాటరీని హరించును. అప్పుడు విమానపు గుర్తు నొక్కి యుంచుడు. పవర్ బ్యాంకును విమానములో చేతిసంచిలోనే యుంచుకొనవలెను. పెట్టెలో పెట్టి అప్పగింపరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇది. బయలుదేరునప్పుడు క్యాలెండరు మీద కబురు రాని దినములకు సున్నాలు చుట్టుడు. దారిలో ప్రణాళిక మారినచో పడవ ఎక్కక ముందే చెప్పుడు. గడువునకు మీద ఒక దినము అదనముగా కలుపుడు, గాలికిని వానకును మన గడియారము తెలియదు గదా! ఆ దినము కూడ దాటినచో ఎవరిని అడుగవలెనో, ఆ బంధువు నంబరును, రేవు కచేరీ నంబరును పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు అంటింపుడు. దినమునకు నలుబది ఫొటోలు పంపి అలవాటు చేయకుడు. అలవాటైన కబురు ఒక్కనాడు తప్పినచో, ఎన్నడును రాని కబురుకంటె ఎక్కువ బాధించును.

ఇంట నుండువారికిని ఒక మాట. గడువు లోపల ఫోను మ్రోగలేదని అన్నము మానకుడు. ముఖ్యముగ మధుమేహమునకు మాత్ర వేసికొనువారు, తినకుండ మాత్ర వేసికొనుట ప్రమాదకరము. ఏమి చేయవలెనో ముందే వైద్యుని అడిగి తెలిసికొని యుండుడు.

మా ఇంటి గోడమీద ఆ క్యాలెండరు ఇంకను వ్రేలాడుచున్నది. ఓడ దినముల మూడు సున్నాలు అట్లే యున్నవి. హట్‌బే దినములచోట ఏమియు లేదు. మొన్న అత్తగారు అమ్మాయిచేత ఎఱ్ఱ పెన్సిలు తెప్పించి, ఆ రెండు అంకెల చుట్టును తామే సున్నాలు చుట్టిరి. ఎందుకని అడుగగా, "ఈసారి వెళ్లేటప్పుడు చూసుకుంటారని" అనిరి.

వచ్చు మాసమున, దూరప్రయాణమునకు చెడని తినుబండారములను గూర్చి ముచ్చటించుకొందము.