పరిశోధకుడి పక్కన మనిషి కావాలి

కృత్రిమ మేధ మీద సదస్సు జరగని విశ్వవిద్యాలయం ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లో దాదాపు లేదు. పెద్దలు వచ్చి మాట్లాడుతున్నారు, విద్యార్థులు శ్రద్ధగా వింటున్నారు, ఏఐ వల్ల పరిశోధన రూపురేఖలే మారిపోతాయని అందరూ ఒప్పుకుంటున్నారు. మర్నాడు ఒక పరిశోధక విద్యార్థి తన సమాచారాన్ని ముందేసుకుని కూర్చున్నప్పుడు, దీన్ని ఏ పద్ధతిలో విశ్లేషించాలి, ఏ పనిముట్టు వాడాలి, వచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలి అని అడుగుదామంటే మాత్రం చాలాచోట్ల మనిషి దొరకడు. గైడుకు ఆ సాంకేతికతతో పరిచయం ఉండదు. కంప్యూటర్ సైన్స్ విభాగం వారికి ఈ విషయంతో పరిచయం ఉండదు, తీరికా ఉండదు. ఏఐకి సంబంధించి మన విశ్వవిద్యాలయాల్లో ఉన్న లోట్లన్నిటిలోకీ పెద్దది ఇదేనని మా అభిప్రాయం.

సాహిత్య పత్రికకు ఈ గొడవెందుకని ఎవరైనా అడగవచ్చు. ప్రోటీన్ల ఆకృతిని ఊహించే ఆల్ఫాఫోల్డ్‌ను తయారుచేసినవారికి 2024 రసాయన శాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది కనుక ఇదంతా ప్రయోగశాలల వ్యవహారమని అనుకోవడం సహజం. కానీ భాష, చరిత్ర, సాహిత్యం మీద పనిచేసేవారికి అంతకంటే దగ్గరి ఉదాహరణ ఉంది. 2022 మార్చిలో ‘నేచర్’ పత్రిక ‘ఇథాకా’ అనే ఏఐ నమూనా గురించి ఒక పరిశోధన పత్రం ప్రచురించింది. ప్రాచీన గ్రీకు శాసనాల్లో రాయి పగిలి అక్షరాలు పోయిన చోట ఏముండేదో ఊహించడం, శాసనం ఏ ప్రాంతానిది, ఏ కాలానిది అని అంచనా కట్టడం దాని పని. పోయిన అక్షరాలను చరిత్రకారులు సొంతంగా పూరించినప్పుడు 25 శాతం సరిపోయాయి. ఇథాకా ఒక్కటే పూరిస్తే 62 శాతం సరిపోయాయి. ఇథాకా సూచించిన పాఠాలను దగ్గర పెట్టుకుని, తమ విచక్షణతో చరిత్రకారులే ఎంచుకున్నప్పుడు అది 72 శాతానికి చేరింది.

ఆ మూడు అంకెల వెనుక రెండు సంగతులున్నాయి. మొదటిది, ఆ నమూనాను రూపొందించిన బృందాన్ని నడిపినవారిలో యానిస్ అసాయెల్ కంప్యూటర్ శాస్త్రజ్ఞుడైతే, థియా సోమర్‌షీల్డ్ ప్రాచీన చరిత్రకారిణి. శాసనం చదవడం తెలిసిన మనిషి, యంత్రానికి నేర్పడం తెలిసిన మనిషి మొదటినుంచీ కలిసి పనిచేశారు. రెండవది, ఇథాకా నేర్చుకున్నది 78,000కు పైగా శాసన పాఠాల నుంచి. ఏళ్ళ తరబడి పండితులు చదివి, సరిచూసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి పెట్టిన పాఠాలవి. ఆ ఓపిక లేకపోతే యంత్రానికి నేర్చుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

మన దగ్గర రాళ్ళకేమీ కొదవ లేదు. రేనాటి చోళుల కాలపు కలమళ్ళ శాసనం నుంచి లెక్కేస్తే తెలుగు శాసనాలకు దాదాపు పద్నాలుగు వందల యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. 1948లో వెలువడిన దక్షిణ భారత శాసనాల పదవ సంపుటం మొత్తం మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగు శాసనాలదే. అచ్చులో ఉన్న ఇలాంటి సంపుటాలను తప్పుల్లేకుండా యంత్రం చదవగల పాఠంగా మార్చి, ఊరు, కాలం, రాజు, దాత వివరాలు జోడించి, ఏ పరిశోధకుడైనా వాడుకునేలా ఒకచోట పెడితే మన చరిత్ర విభాగాల్లోనూ ఇథాకా వంటి పని మొదలవుతుంది.

ఇక సాహిత్య పరిశోధన సంగతి. 1928లో మద్రాసు నుంచి మొదలైన ‘గృహలక్ష్మి’ పత్రికలో స్త్రీ విద్య గురించిన చర్చ ఏళ్ళ వెంట ఎలా మారిందో తెలుసుకోవాలని ఒక విద్యార్థిని అనుకుందనుకోండి. సంచికలు స్కాన్ చేసింది, బొమ్మను అక్షరంగా మార్చే ఓసీఆర్‌కు ఇచ్చింది. అరిగిన అచ్చులో ‘మ’ కాస్తా ‘వు’ అవుతుంది, ‘ఘ’ ‘ఝ’ ఒకటవుతాయి, అరసున్నలు మాయమవుతాయి, బండి ‘ఱ’ మరేదో అవుతుంది. అవన్నీ దిద్దుకుని ‘విద్య’ అని వెతికితే ‘విద్య’ ఒక్కటే దొరుకుతుంది. ‘చదువు’ దొరకదు, ‘చదివించుట’ దొరకదు, ‘చదువుకొన్నయాడుది’ అసలే దొరకదు. విభక్తులు, క్రియా రూపాలు, సంధులు కలిసి ఒక్క ధాతువు వందల రూపాలెత్తే భాష మనది. వాటిని విడదీసే పదవిశ్లేషణ సాధనాలు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ, దాని పొరుగునే ఉన్న ట్రిపుల్ ఐటీలోనూ ఏళ్ళుగా తయారవుతున్నాయి. అనంతపురంలోనో నిజామాబాద్‌లోనో ఉన్న విద్యార్థినికి అవి ఉన్నాయని చెప్పేదెవరు? చెప్పినా, తన కంప్యూటర్‌లో అవి పనిచేసేలా చేసి ఇచ్చేదెవరు?

పాత అచ్చు సంగతి అలా ఉంటే, కంప్యూటర్‌లోనే పుట్టిన తెలుగు పరిస్థితి ఏమంత గొప్పగా లేదు. మన పత్రికలు, ప్రచురణ సంస్థలు దశాబ్దాల పాటు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పనిచేశాయి. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అదే వాడుక. కంటికి అది తెలుగే. ఫైలు లోపల మాత్రం ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఫాంటు తీసేస్తే ఏ భాషా కాని గుర్తుల వరుస మిగులుతుంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ వత్తులు, గుణింతాలు తారుమారవుతుంటాయి. మార్చాక మనిషి కూర్చుని ప్రూఫు చూడక తప్పదు. వేలాది కథలు, కవితలు, వ్యాసాలు ఇలా ఫైళ్ళలో ఉండి కూడా పరిశోధనకు అందకుండా ఉన్నాయి.

సాయం చేసే మనిషి లేకపోతే జరిగేది ఆలస్యమొక్కటే కాదు, తప్పు కూడా. మెషీన్ లెర్నింగ్‌లో కొంత సమాచారంతో నమూనాకు శిక్షణ ఇస్తారు, అది ఎన్నడూ చూడని మిగతా సమాచారంతో పరీక్ష పెడతారు. పరీక్షకు దాచిన దాంట్లో ఏ కొంచెం ముందే శిక్షణలో కలిసినా, ప్రశ్నపత్రం లీకైన పరీక్షలో వచ్చిన మార్కుల్లాగే ఆ ఫలితానికి విలువ ఉండదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన సయాష్ కపూర్, అరవింద్ నారాయణన్ 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 17 పరిశోధన రంగాల్లో ఈ పొరపాటు కనబడింది, దాని ప్రభావం దాదాపు 300 పత్రాల మీద పడింది. ఆ రంగాల్లో వైద్యం కూడా ఉంది. మన సాహిత్యంలోనూ ఇది ఎంత సులువుగా జరుగుతుందో చూడండి. ఒక అజ్ఞాత రచన ఇద్దరు రచయితల్లో ఎవరిదో తేల్చడానికి వారి శైలిని యంత్రానికి నేర్పుతున్నామనుకుందాం. ఒకే కథ రెండు సంకలనాల్లో ఉండి, ఒక ప్రతి శిక్షణలోకీ మరో ప్రతి పరీక్షలోకీ వెళ్ళిపోతే, యంత్రం శైలిని పట్టుకున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది పట్టుకున్నది ముందే చూసిన కథను. ఈ తేడా కనిపెట్టాలంటే అనుభవం ఉన్న కన్ను కావాలి.

చాట్‌జీపీటీ వంటి పనిముట్లతో మరో చిక్కు. ఒక పద్యం ఏ కావ్యంలోదని అడిగితే లేని కావ్యాన్ని, లేని పుటసంఖ్యను ధీమాగా చెప్పగలవు, లేని పద్యాన్ని కూడా అల్లి ఇవ్వగలవు. యతిప్రాసలు చూడగలిగినవారికి దొంగ పద్యం వెంటనే తెలిసిపోతుంది, కొత్త విద్యార్థికి తెలియదు. దీనికి విరుగుడుగా ఏఐ రాతను పసిగట్టే సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకుందామా అంటే, అది ఇంకా ప్రమాదం. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే అలాంటి తన సాధనాన్ని సరిగా పనిచేయడం లేదని 2023లో వెనక్కి తీసుకుంది. ఇంగ్లీషు మాతృభాష కానివారు స్వయంగా రాసిన వ్యాసాలను కూడా ఈ సాఫ్ట్‌వేర్లు ఏఐ రాతలుగా ముద్ర వేస్తున్నాయని అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషులో సిద్ధాంత గ్రంథం రాసే మన పిల్లలకు ఇది నేరుగా తగిలే అన్యాయం. గ్రంథచౌర్యం మీద 2018లో యూజీసీ తెచ్చిన నిబంధనలు ఈ పనిముట్లు రాకముందువి. పోలిక శాతాన్ని బట్టి తీర్పు చెప్పడం మాత్రమే వాటికి తెలుసు. ఏ పనిముట్టును, ఏ పనికి, ఎంతవరకు వాడారో సిద్ధాంత గ్రంథంలోనే ఒక పేజీలో ప్రకటించే పద్ధతి పెడితే నిజాయితీగా పనిచేసేవారికి భయం పోతుంది.

డబ్బు మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నెట్ ఫెలోషిప్ లేని పిహెచ్‌డి విద్యార్థికి నెలకు వచ్చేది 8,000 రూపాయలు. పేరున్న ఏఐ పనిముట్టు ఒక్కదానికి నెల చందా సుమారు 2,000. తిండి ఖర్చులో కోత పెట్టుకుని చందా కట్టమని ఏ విద్యార్థినీ అడగలేం. దారి లేకపోలేదు. పరిశోధన పత్రికల చందాల కోసం కేంద్ర ప్రభుత్వం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి మూడేళ్ళకు 6,000 కోట్లు కేటాయించి, ప్రభుత్వ విద్యాసంస్థలన్నిటికీ కలిపి కొనిపెట్టింది. ఏఐ పనిముట్లకూ రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్ళు ఉమ్మడి కొనుగోలు చేయవచ్చు. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం 10,372 కోట్లతో ఆమోదించిన ఇండియా ఏఐ మిషన్ కింద రాయితీ ధరకు కంప్యూటింగ్ శక్తి దొరుకుతోంది. దరఖాస్తు ఎలా పెట్టాలో, ఎంత అడగాలో తెలిసిన మనిషి లేకపోతే తెలుగు శాఖకో చరిత్ర శాఖకో దాంతో ప్రయోజనం ఉండదు.

ఈ మనిషిని ఇతర దేశాల విశ్వవిద్యాలయాలు ఎలా సమకూర్చుకున్నాయో చూడాలి. కేంబ్రిడ్జ్‌లో 2020లో మొదలైన ‘యాక్సిలరేట్’ కార్యక్రమం ఏ శాఖ పరిశోధకులకైనా మెషీన్ లెర్నింగ్ నేర్పుతుంది. అంతటితో ఆగకుండా, పరిశోధకులు తమ చిక్కుముడిని తెచ్చి ఇంజనీర్ల ముందు పెట్టి సలహా తీసుకునే క్లినిక్ కూడా నడుపుతోంది. పరిశోధన కోసం సాఫ్ట్‌వేర్ రాసేవారికి పత్రాల్లో పేరు రాక, పదోన్నతి లేక అన్యాయం జరుగుతోందని 2012లో బ్రిటన్‌లో కొందరు గుర్తించి ‘రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్’ అని ఆ వృత్తికి పేరు పెట్టారు. ఇప్పుడది అక్కడ గుర్తింపు ఉన్న ఉద్యోగం.

మనకూ ఇది కొత్త ఆలోచన కాదు. రెండు వందల ఏళ్ళ కిందట సి.పి. బ్రౌన్ కడపలో బంగళా కొని, సొంత జీతంలోంచి జీతాలిచ్చి పండితులనూ లేఖకులనూ పెట్టుకున్నాడు. ఊరూరా తాళపత్రాలు తెప్పించి, పాఠాంతరాలు సరిచూపించి, శుద్ధ ప్రతులు రాయించాడు. వేమనను, ఎన్నో కావ్యాలను మనకు మిగిల్చింది ఒక్క బ్రౌన్ పట్టుదలే కాదు, ఆయన చుట్టూ కూర్చుని పనిచేసిన ఆ మనుషుల నైపుణ్యం కూడా. ఇప్పుడు కడపలో ఆయన పేరున్న పరిశోధన కేంద్రం యోగివేమన విశ్వవిద్యాలయం ఆధీనంలో ఉంది. తెలుగు ప్రతుల డిజిటల్ పాఠాలను సరిచూసే పని అక్కడినుంచే మొదలైతే అంతకంటే తగిన చోటు ఉండదు.

బోధన పోస్టులే ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంటే కొత్త ఉద్యోగాలు అడగడం అత్యాశ అనేవారుంటారు. బోధన పోస్టులు నింపాలన్నదాంట్లో రెండో మాట లేదు. కానీ దారి చూపేవారు లేక వందలాది మంది పరిశోధకులు నెలల తరబడి తడుముకోవడం, తప్పు పద్ధతిలో రాసిన సిద్ధాంత గ్రంథాలకు పట్టాలివ్వడం కూడా ఖర్చే. ఆ ఖర్చును ఏ బడ్జెట్టూ చూపించదు.

అందుకే మా విన్నపం ఇది. ప్రతి విశ్వవిద్యాలయంలో ఏఐ పరిశోధన సహాయ కేంద్రం ఒకటి ఉండాలి. అందులో కనీసం ఇద్దరు ఇంజనీర్లు, భాషా సాహిత్యాలు తెలిసిన ఒకరు పర్మినెంట్ ఉద్యోగులుగా ఉండాలి. కాంట్రాక్టు మీద వేసి ఏడాదికొకరిని మారిస్తే అనుభవం నిలవదు. కేంద్రం తలుపు భౌతికశాస్త్రానికి తెరిచినట్టే తెలుగు శాఖకూ తెరవాలి. పిహెచ్‌డి కోర్స్‌వర్క్‌లో అన్ని శాఖలవారికీ ఈ పద్ధతుల మీద, వాటి పరిమితుల మీద ఒక పేపరు ఉండాలి. పత్రికలు, ప్రచురణ సంస్థలు తమ పాత ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చి, రచయితల హక్కులకు భంగం కలగకుండా పరిశోధకులకు అందుబాటులోకి తేవాలి. మా పత్రిక ఆ పనికి సిద్ధంగా ఉంది. ఉపకులపతులారా, వచ్చే విద్యాసంవత్సరపు బడ్జెట్ రాసేటప్పుడు ఆ ముగ్గురి జీతాలకు ముందు చోటివ్వండి. కంప్యూటర్లు ఆ తర్వాత కొనవచ్చు.