మార్కులతో రక్తాన్ని తూచగలమా?



నల్లజాతి వారికి పుట్టుకతోనే తెలివి తక్కువనీ, ఐక్యూ పరీక్షలు దాన్ని రుజువు చేశాయనీ చెప్పే సందేశం మన సంఘస్థుల ఫోన్లలో తిరుగుతోంది. "సైన్సే చెప్పింది కదా అయ్యగారూ" అని కొందరు మమ్మల్ని అడిగారు. ఆ సైన్సు ఏం చెప్పిందో చూద్దాం.

1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ ఈ పరీక్షను తయారుచేసింది బడిలో వెనుకబడిన పిల్లలను గుర్తించి, వారికి తగిన చదువు చెప్పించడానికి. తెలివి పెరగదన్న మాటను బినే తానే ఖండించాడు.

అమెరికా చేరాక అది జాతులను తూచే త్రాసు అయింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అక్కడి సైన్యం సుమారు 17 లక్షల మందికి పరీక్ష పెట్టింది. ఓవర్‌లాండ్ కారు ఏ పట్టణంలో తయారవుతుందని ఒక ప్రశ్న! మొన్న ఓడ దిగినవాడికి, మంచి బడి ఎరగనివాడికి అదెలా తెలుస్తుంది? ఆ మార్కులతోనే కార్ల్ బ్రిగమ్ 1923లో పుస్తకం రాసి, ఉత్తర యూరపు జాతిని పైన, నల్లజాతిని అడుగున నిలబెట్టాడు. అవే లెక్కల్లో ఉత్తరాది రాష్ట్రాలు కొన్నింటి నల్ల సైనికులకు, దక్షిణాది రాష్ట్రాలు కొన్నింటి తెల్ల సైనికుల కంటే ఎక్కువ మార్కులున్నాయి. రాష్ట్రం మారితే రక్తం మారుతుందా? మారేది బడి.

1930లో బ్రిగమ్ తన వాదనకు పునాది లేదని అచ్చులోనే ఒప్పుకున్నాడు. దాన్ని మారుమనస్సు అంటాం. అయితే పుట్టిన దేశాన్ని బట్టి వలసదారులను ఆపిన 1924 నాటి కోటాలు 1965 దాకా పోలేదు. అబద్ధం చెప్పినవాడు దిద్దుకున్నా, అబద్ధం తన పని ఆపలేదు.

"సగటు మార్కుల్లో తేడా ఉంది కదా" అంటారు. ఉంది. తగవంతా దాని కారణం గురించే. ఒకే బస్తా విత్తనాలను కాలువ కింద పొలంలో సగం, ఎండిన మెట్టలో సగం చల్లండి. ఒకే మడిలో రెండు మొక్కల తేడా విత్తనానిదే కావచ్చు. రెండు పొలాల తేడా మాత్రం నీళ్ళది. రిచర్డ్ లెవాంటిన్ అనే శాస్త్రజ్ఞుడు 1970లో ఇలాంటి పోలికే చెప్పాడు. మన రైతుకు అది ఎవరూ చెప్పనక్కరలేదు.

ప్రియులారా, మన తాతలను పలక పట్టనివ్వని రోజుల్లోనూ ఇదే మాట: వీళ్ళ రక్తంలో చదువు లేదని. నిన్న మన వీపున పడిన కర్రను ఈరోజు మనమే ఇంకొకరి మీద ఎత్తుదామా? జనములన్నీ ఒక్కని నుండే కలిగాయని నమ్మే మనమా?

ఆ సందేశాన్ని ఇంకొకరికి పంపకండి. మార్కులు తక్కువ వచ్చిన పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని ఒక పాఠం చెప్పండి. ఆ పరీక్ష పుట్టింది ఆ పనికే.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.